నాలుగు మీటర్లు

ఆసుపత్రిలో అందరూ ఆమెను నడకక్క అనేవారు. ఆయాసం రోగులను వరండాలో ఆరు నిమిషాలు నడిపించి, ఎంత దూరం వెళ్లారో కొలవడం, ఆ తర్వాత పక్క గదిలో వ్యాయామం చేయించడం ఆమె పని. పద్దెనిమిదేళ్లుగా అదే వరండా, అదే గది. ఎవరైనా మొండికేస్తే, "ఆ కుర్చీ అలిసిపోయింది మావయ్యా, కాస్త లే" అని నవ్వించి మరీ లేపేది.

ఆ గదికి ఎసరు పెట్టింది నేనే. నేను అక్కడ గణాంకాలు చూసేవాణ్ణి. ఆయాసానికి వచ్చిన కొత్త మాత్రను నాలుగు వేల మంది మీద పరీక్షించారు. మాత్ర వేసుకున్నవాళ్లు మిగతావాళ్ల కంటే ఎక్కువ నడిచారు. అది కాకతాళీయం కాదని లెక్కలో తేలింది. అలవాటు కొద్దీ నివేదికలో "గణనీయమైన తేడా" అని రాసి పడేశాను. మా శాస్త్రంలో ఆ మాటకు తేడా నిజంగా ఉందనే అర్థం, పెద్దదని కాదు. పెద్దడాక్టరుగారు మాత్రం అందరిలాగే చదివారు. మాత్ర ఉండగా వ్యాయామం గది దండగ, ఎత్తేద్దామన్నారు. గురువారం నడకక్కకు కబురు చెప్పారు, సోమవారం సంతకం.

ఆ తేడా ఎంత చిన్నదో నాకు తెలుసు. అయినా నోరు పెగల్లేదు. తప్పు ఒప్పుకోవాలంటే భయం, అంతే.

సోమవారం సమావేశానికి నడకక్కను కూడా పిలిచారు, తాళాలు అప్పగించడానికి. పెద్దడాక్టరుగారు పెన్ను మూత తీశారు. అప్పుడామె ఒక్కటే అడిగింది, మాత్ర వేసుకున్నవాళ్లు ఎంత ఎక్కువ నడిచారని. ఆయన నావైపు చూశారు.

"నాలుగు మీటర్లు," అన్నాను.

ఆమె కుర్చీలోంచి లేచి ఆరడుగులు వేసి ఆగింది. గుమ్మం ఇంకా దూరంగానే ఉంది.

"ఇంతే సార్. పాతిక ముప్ఫై మీటర్లు పెరిగితేగానీ మా రోగులు తేలిగ్గా ఉందనరు. నా గదిలో రెండు నెలలు చేస్తే నలభై పెరుగుతుంది. రిజిస్టరు చూడండి."

లెక్క తప్పా అని ఆయన నన్నడిగారు. పెన్ను కాగితం మీదే ఉంది.

"లెక్క సరిగ్గానే ఉంది సార్. తేడా నిజమే, కానీ మనిషికి తెలిసేంత లేదు. ఆ ముక్క నేను రాయాల్సింది."

ఆయన నివేదిక నా ముందుకు తోసి, మళ్లీ రాసుకు రమ్మన్నారు. బల్ల మీది తాళాలు ఆమె తీసుకుంది.

వరండాలో ఆమెను కలిసి క్షమాపణ చెప్పబోయాను. నవ్వేస్తుందనుకున్నాను. నవ్వలేదు.

"ఇదంతా నీకు గురువారమే తెలుసా తమ్ముడూ?"

తెలుసన్నాను.

"అప్పట్నుంచి ఒక్కొక్కళ్లకీ ఇక రావద్దని చెప్పి పంపించాను. ఒక్కళ్లూ గొడవ పెట్టుకోలేదు, సరేనమ్మా అని వెళ్లిపోయారు. వాళ్లని ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని పిలవను?"