పొట్ట కనపడని చీరకట్టు

రెండో కాన్పు అయి ఏడాదిన్నర దాటినా నా పొట్ట తగ్గలేదు. పెద్దది పుట్టినప్పుడు మా అమ్మ పాత నూలుచీర చింపి మూడు నెలలు నడుముకు బిగించి కట్టింది. రెండోసారి అమ్మకు ఒంట్లో బాగాలేక, నేను రాజపాళయంలో అత్తగారింట్లోనే ఉండిపోయాను. కట్టేవాళ్ళు లేక కాదు, నాకే ఓపిక లేక కట్టించుకోలేదు. ఇంట్లో ఉన్నంతసేపూ నైటీ, దాని మీద భుజాన ఒక తువ్వాలు. అద్దంలో మెడవరకే చూసుకునేదాన్ని. ఆ ఎండాకాలం వైకాసి నెలలో బంధువుల పెళ్ళి వచ్చేదాకా అలాగే గడిచిపోయింది.

ఆ పెళ్ళికి నా పెళ్ళినాటి కంచిపట్టు తీశాను. ఎర్రచీర, జానెడు జరీ అంచు, అట్టలా బిరుసు. కుచ్చిళ్ళు ఎనిమిది వచ్చాయి. అన్నీ కలిపి బొడ్డు దగ్గర దోపి, ఊపిరి బిగబట్టి బయలుదేరాను. మండపం మెట్లు ఎక్కేసరికి ఊపిరి వదలక తప్పలేదు.

లోపల ముందువరసలో చోళపురం అవ్వ కూర్చుని ఉంది. మా మామగారికి మేనత్త. డెబ్బై అయిదు దాటిన మనిషి. చోళపురంలో కొడుకు దగ్గర ఉండేది కాబట్టి అందరూ అలాగే పిలిచేవాళ్ళు. ఏ శుభకార్యమైనా పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చేసేది. ఇంటి కోడళ్ళను ఒక్కొక్కరినే పిలిచి, చేయి పట్టుకుని, తిన్నావా, పిల్లలు బాగున్నారా అని అడిగేది. నన్నూ పిలిచింది. చేయి పట్టుకుంది. తర్వాత ఆ చేయి వదిలి, అరచేతిని నా పొట్టమీద పెట్టింది.

"ఏమ్మా, విశేషమా?"

మా ఊళ్ళో ఆ మాటకు ఒకటే అర్థం. కడుపుతో ఉన్నావా అని.

చుట్టూ ఏడెనిమిది మంది ఆడవాళ్ళు ఉన్నారు. అందరూ మాటలు ఆపి నావైపు తిరిగారు. లేదవ్వా అని చెప్పడానికే నోరు తెరిచాను. లేదంటే మరి ఈ పొట్ట ఏమిటని అనుకుంటారు కదా అనిపించింది. ముఖం వేడెక్కిపోయింది.

"ఆమా అవ్వా," అన్నాను, అవునని.

"ఎన్నో నెల?"

"నాలుగు."

అవ్వ వెంటనే లేచి తన కుర్చీలో నన్ను కూర్చోబెట్టింది. ఎవరో ఫ్యాను నావైపు తిప్పారు. భోజనాల దగ్గర నా ఆకులో రెండు జాంగ్రీలు ఎక్కువ పడ్డాయి. ఎదుటి వరసలో మా ఆయన వీపు ఎవరో తట్టి ఏదో అన్నారు. ఆయన నవ్వాలా వద్దా తెలియక నావైపు చూశారు. నేను సాంబారు వైపు చూశాను.

ఇంటికి వచ్చాక విషయం తెలిసి మా అత్తగారు ఒకే మాట అన్నారు. "నువ్వే చెప్పినావు, నువ్వే సరిచేసుకో." ఆమెకు కోపం వచ్చినా అంతకంటే ఎక్కువ మాట్లాడేవారు కాదు. నేను గదిలోకి వెళ్ళి ఏడ్చాను. పొట్ట గురించి ఏడ్చానో అబద్ధం గురించి ఏడ్చానో ఇప్పటికీ చెప్పలేను.

మరునాడు మధ్యాహ్నం చిన్నత్త వచ్చింది. మా అత్తగారి చెల్లెలు. రెండిళ్ళ అవతల ఉండేది. ఒళ్ళు నిండుగా ఉండే మనిషి. నాకంటే రెండింతలు ఉండేదేమో. అయినా ఆమెను లావు అని ఎవరైనా అనగా నేను వినలేదు. వీధిలో నడిచిపోతుంటే "ఎంత లక్షణంగా ఉంది" అనేవాళ్ళు. నేనూ అలాగే అనుకునేదాన్ని కానీ, ఎందుకలా అనిపిస్తుందో ఎప్పుడూ ఆలోచించలేదు.

చిన్నత్త గది తలుపు గడియపెట్టి, "చీర విప్పి నిలబడు," అంది.

"ఏమిటికి చిన్నత్తా?"

"మొదట పావాడ చూడాల. చీర తప్పు కాదు కన్నూ, లోపల ఉండే పావాడ తప్పు." కన్నూ అంటే మావైపు ముద్దుమాట.

నా లోపలి లంగా నడుము దగ్గర ఎంత కుచ్చు ఉందో అప్పుడే చూశాను. బొందు లాగి ముడివేస్తే గుడ్డంతా ముందుకు పోగుపడి, పొట్టమీద ఇంకో పొట్ట పెట్టినట్టు ఉంది. చిన్నత్త తన పావాడ చూపించింది. ఆరు ముక్కలు కోసి కుట్టినది. నడుము దగ్గర కుచ్చు లేదు, నాలుగు వేళ్ళ వెడల్పు పట్టీ ఉంది. ముడి ముందుకు కాదు, పక్కకు.

"ఇరవై ఏండ్లుగా ఇట్లనే," అంది. "మీ చిన్నమామకి కూడా తెలియదు."

తర్వాత బీరువా తెరిచి నా చీరలన్నీ మంచం మీద పోసింది. ఒక్కొక్కటీ చేత్తో పట్టుకుని చూసి రెండు కుప్పలు పెట్టింది. బిరుసు పట్టు, గంజిపెట్టిన నూలు, పెద్ద గళ్ళు, వెడల్పు అంచు అన్నీ ఒక పక్కకు పోయాయి. "ఇవన్నీ నిన్ను నడుములో కోసి రెండుగా చూపిస్తాయి." రెండో కుప్పలో మిగిలినవి నాలుగే. అందులో రెండు మదురై సుంగుడి చీరలు, ముదురు రంగు మీద ఆవగింజంత చుక్కలు. "చుక్క ఎంత చిన్నగా ఉంటే అంత మంచిది. చూసేవాళ్ళ కన్ను ఒక చోట నిలవకూడదు, జారిపోవాల."

కుచ్చిళ్ళు అయిదుకు మించకూడదంది. సన్నగా పెట్టి, వేళ్ళతో నొక్కి, నడిమధ్యన కాకుండా కొంచెం ఎడమకు దోపమంది. పైట మడతలు పెట్టి భుజాన పిన్ను కొట్టడం మాన్పించింది. ఒకే పొరగా వదిలి ఎడమచేతి మీదుగా మోకాలిదాకా జారనిస్తే, ముందంతా అదే కప్పేస్తుంది. రవిక చీర రంగులోనే ఉండాలి, పొడవు రెండు వేళ్ళు ఎక్కువ ఉండాలి. పొడుగు గొలుసు వేసుకోకూడదు, అది వచ్చి సరిగ్గా పొట్టమీదే ఆగుతుంది. అన్నిటికంటే ముందు, ఊపిరి బిగబట్టకూడదు.

"బిగబట్టినావంటే ముఖం చెప్పేస్తుంది," అంది.

ఆ వారమే నన్ను టైలరక్క దగ్గరికి తీసుకుపోయింది. ఆమె ఇల్లు సందు చివర. ముందుగదిలో తొక్కుడు మిషను, గోడకు కొక్కేలు, వాటికి వేలాడే రవికలు. టేపు నా నడుము చుట్టూ వేసి, అంకె బయటకు చెప్పకుండా నోట్లోనే అనుకుని చీటీ మీద రాసుకుంది. దానికి నేను ఆమెకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను. మా ఊరి పక్కన సత్రపట్టిలో నేసే బ్యాండేజీ గుడ్డ గట్టిరకం ఉంటుంది. పావాడ పట్టీ లోపల దాన్ని రెండు మడతలు వేసి కుట్టింది. మెత్తగా ఉంటుంది, సాగదు.

ఇదంతా నాకు సంతోషంగానే ఉంది. కానీ చోళపురం నుంచి డబ్బాలు రావడం మొదలైంది. మొదట నార్తంగాయ, అదే దబ్బకాయ, ఊరగాయ వచ్చింది. వేవిళ్ళకు మంచిదని అవ్వ స్వయంగా ఉప్పులో వేసి ఎండబెట్టి, ఊళ్ళోకి వచ్చేవాళ్ళ చేత పంపింది. తర్వాత మామిడికాయలు, ఆ తర్వాత నల్లనువ్వులు వద్దు, బొప్పాయి వద్దు అని కబురు. ఒకసారి పాత మెత్తటి చీరముక్కలు, పుట్టబోయే బిడ్డకు పొత్తిగుడ్డలకని. ఊరగాయ నేను తిన్నాను. చాలా బాగుంది. తిన్న ప్రతిసారీ సిగ్గేసింది.

"నిజం చెప్పేస్తా చిన్నత్తా," అన్నాను.

చిన్నత్త వద్దంది. "ఆవణి నెలలో మన చుట్టాలింట్లో బిడ్డకి చెవులు కుట్టే పండగ ఉండాది. అవ్వ వస్తుంది. ఆ దినం నిన్ను చూస్తే, వయసైంది, నేనే తప్పుగా విన్నా అని అనుకుంటుంది. పాపం, ఆమె మనసూ నొచ్చుకోదు, నీ మానమూ పోదు."

నాకు అది మంచి ఉపాయం అనిపించింది. అందుకే ఒప్పుకున్నాను.

ఆ రోజు నేరేడురంగు మెత్తటి పట్టు కట్టుకున్నాను. అదే రంగు రవిక. చిన్నత్త నా ముందు నేలమీద కూర్చుని, కుచ్చిళ్ళు కిందనుంచి ఒక్కొక్కటే లాగి సరిచేసింది. రెండడుగులు వెనక్కి జరిగి చూసి తల ఊపింది. పండగ ఇంట్లోకి అడుగుపెట్టగానే ఇద్దరు "సన్నబడినావే!" అన్నారు. పెళ్ళయిన తర్వాత అంత తేలిగ్గా నేను ఏ గుంపులోనూ తిరగలేదు. ఫోటో తీస్తుంటే ఎవరూ పిలవకుండానే వెళ్ళి నిలబడ్డాను.

అవ్వ గుమ్మంలోంచి వచ్చింది. నన్ను చూసింది. ముఖం నుంచి ఆమె చూపు పొట్టమీదకు దిగి అక్కడే ఆగిపోయింది. అవ్వ లెక్క ప్రకారం అది ఏడో నెల. వచ్చి నా మణికట్టు పట్టుకుని, అరిటాకులు, కూరగాయల బుట్టలు పెట్టిన వెనకగదిలోకి తీసుకుపోయింది. తలుపు దగ్గరగా వేసింది.

"ఎప్పుడు పోయింది?" అంది.

నాకు అర్థం కాలేదు.

"ఏమిటికి నాకి ఒక మాట చెప్పి పంపలేదు కన్నూ? నేను వచ్చి ఉందును కదా." నన్ను దగ్గరికి తీసుకుని నా వీపు నిమరడం మొదలుపెట్టింది. "నాకి రెండు పోయినాయి. ఒకటి ఏడో నెలలోనే. తలకి పోసి, మూడో దినం కళ్ళంలోకి పనికి పంపినారు. ఒకరు కూడా వచ్చి నా పక్కన కూచోలేదు. నీకి అట్ల కాకూడదు."

ఆమె కన్నీళ్ళు నా భుజం మీద పడి రవిక తడిసింది. ఊరుకుంటే ఆ క్షణం గడిచిపోయేది. నిజానికి ఊరుకోవాలనే అనిపించింది. కానీ ఆ వీపు నిమిరే చేతిని భరించలేకపోయాను.

"అవ్వా, పోలేదు. అసలు లేదు."

"ఏమి లేదు?"

"కడుపు లేదవ్వా. ఆ దినం నాకి ఉండింది ఊరికే పొట్ట. అందరూ చూస్తా ఉండినారు. సిగ్గేసి ఆమా అనేసినా."

నా వీపు మీద చేయి ఆగింది. ఆమె నన్ను వదిలి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, కిందనుంచి పైకి ఒకసారి చూసింది.

"ప్రతి శుక్రవారం నీ కోసం దీపం పెడతా ఉండినాను," అంది. తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ రోజంతా నావైపు చూడలేదు.

చిన్నత్త నా తరఫున వెళ్ళి మాట్లాడతానంది. నేను వద్దన్నాను. పదిరోజుల తర్వాత పిల్లలను ఇంట్లో వదిలి, నేనే చోళపురం బస్సెక్కాను. ఆ పొద్దు ఏ చీర కట్టాలో ఎంతసేపు ఆలోచించానో చెప్తే నవ్వుతారు. చివరికి ఉతికి ఉతికి వెలిసిన ఒక నూలుచీర కట్టుకున్నాను. బస్సులో నిలబడి నిలబడి అది కూడా నలిగిపోయింది.

అవ్వ పెరట్లో చాపమీద మిరపకాయలు ఎండబెడుతోంది. నన్ను చూసి పని ఆపలేదు. నేను నిలబడే ఉన్నాను. చాలాసేపటికి, "ఎండలో ఏమిటికి నిలబడినావు, కూచో," అంది.

కూర్చుని నేనూ మిరపకాయలు పరచడం మొదలుపెట్టాను.

"తప్పు చేసినా అవ్వా."

"ఆమా, చేసినావు." ఇంకో గుప్పెడు మిరపకాయలు చాపమీద పోసింది. "నేనూ అందరి ముందర అడిగి ఉండకూడదు. ఏడుగురిని కన్నదాన్ని, పొట్టకీ కడుపుకీ తేడా నాకి తెలియలేదు చూడు." ఆమె తన పైట పక్కకు తీసి, జారిపోయి మడతలు పడిన సొంత పొట్టను పిడికిలితో పట్టుకుని చూపించింది. ముఖంలో నవ్వు లేదు, బాధ కూడా లేదు. పెరట్లో ఉన్న ఒక వస్తువును చూపించినట్టు చూపించింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది.

"సరి, ఆ దినం ఎట్ల కట్టినావు? అంత చదునుగా?"

లోపలికి వెళ్ళి ఆమెకే కట్టి చూపించాను. పావాడ ముడి పక్కకు మార్చి, అయిదు కుచ్చిళ్ళు పెట్టాను. అవ్వ చిన్న అద్దంలో తన నడుము కనపడక, అద్దాన్ని కిందకు వంచి పట్టుకోమంది. నేను మోకాళ్ళ మీద కూర్చుని పట్టుకున్నాను. అటూ ఇటూ తిరిగి చూసుకుంది. "పరవాలేదే," అని, సాయంత్రం దాకా విప్పలేదు. వచ్చేటప్పుడు ఇంకో డబ్బా ఊరగాయ ఇచ్చింది.

ఆ తర్వాత అవ్వ ఆరేళ్ళు బతికింది. కోడళ్ళను విశేషమా అని అడగడం మానలేదు కానీ, పక్కకు తీసుకుపోయి చెవిలో అడిగేది. పోయిన రోజున ఆమెకు చీర కట్టిన వాళ్ళలో నేనూ ఉన్నాను.

నేను పొట్ట దాచుకోవడం మానలేదు. ఇప్పుడు యాభై దాటాను, దాచడానికి ఇంకా ఎక్కువే ఉంది. పగలంతా నిలువుగా జారే పొడుగు కుర్తీ వేసుకుంటాను, పక్కచీలికలు నడుముకు బాగా కిందనుంచి మొదలయ్యేట్టు కుట్టించుకుంటాను. టైలరక్క కళ్ళు సరిగా కనపడక మిషను కోడలికి ఇచ్చేసింది. ఆ అమ్మాయి బాగానే కుడుతుంది గానీ, నడుము కొలత పైకి చదువుతుంది.

చిన్నత్త మదురైలో కూతురి దగ్గర ఉంటోంది. కిందటి నెల ఒక పెళ్ళికి తయారై ఫోనులో ఆమెకు కనపడ్డాను. ముఖం చూసి పిల్లల సంగతి అడుగుతుందనుకున్నాను. "కొంచెం వెనక్కి పో కన్నూ," అంది. ఫోను కిటికీకి ఆనించి గోడదాకా వెనక్కి నడిచాను. చిన్నత్త కళ్ళజోడు పెట్టుకుని చూస్తూ ఉంది. నేను ఊపిరి వదిలేసి నిలబడ్డాను.