స్కూలు బిళ్ళలో రేడియో

మా అమ్మాయికి ఒక కథ చెప్పి చెప్పి విసిగించాను. నా చిన్నప్పుడు టీవీలో వచ్చిన జపాను సీరియల్ కథ. నల్లకళ్ళద్దాల గూఢచారులు, సముద్రంలోంచి లేచి ఓడరేవును పిండి చేసే రబ్బరు తోలు భూతం, ఆ గూఢచారుల్లో ఒక చిన్న పిల్లవాడు. వాడి చొక్కాకి ఒక బిళ్ళ ఉంటుంది. అది నొక్కితే గరగరమంటూ వాళ్ళ నాన్న గొంతు పలుకుతుంది. నాన్న శత్రువుల ఓడలో దొంగచాటుగా పనిచేస్తూ కొడుక్కి దారి చెబుతుంటాడు. భూతం అందరికీ నచ్చేది. నాకు మాత్రం ఆ గొంతు కోసమే ఆదివారం రావాలి.

మొన్న మా అమ్మాయి ఆ సీరియల్‌ని ఎక్కణ్ణుంచో ఫోన్లో పట్టుకుంది. కింద అక్షరాలు వేస్తారు కాబట్టి దానికి అంతా అర్థమైంది.

"అమ్మా, నువ్వు చెప్పిందంతా తప్పు. వాళ్ళ నాయన ఫస్టు ఎపిసోడ్‌లోనే చచ్చిపోతాడు. బిళ్ళలో మాట్లాడేది వాళ్ళ ఆఫీసరు" అంది.

దానికి ఎవరి తప్పయినా దిద్దకపోతే అన్నం సహించదు. "పోవే, నీకేం తెలుసు" అని కసిరానే గానీ, ఫోను తీసుకుని చూసే ధైర్యం మాత్రం చెయ్యలేదు. కోపం పిన్ని మీదికి మళ్ళింది. ఆ కథ నాకు చెప్పింది పిన్ని.

అప్పుడు మేము ముదలియార్‌పేటలో ఉండేవాళ్ళం. నాన్న మిల్లులో పని. ఆ ఏడు ఆయనకి పచ్చకామెర్లు ముదిరి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. నన్ను కిరుమాంబాక్కంలో అవ్వ దగ్గర వదిలారు. తిరిగి తీసుకొచ్చేసరికి ఇంట్లో నాన్న లేడు. పోయాడని నాకు ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు. అమ్మ ఎవరితోనూ మాట్లాడేది కాదు. అప్పటికి పెళ్ళికాని పిన్ని వచ్చి నన్ను చూసుకునేది.

వీధి చివర టీచరమ్మ ఇంట్లో టీవీ ఉండేది. ఆదివారం వచ్చిందంటే వీధిలోని పిల్లలంతా ఆమె పరిచే చాప మీదే. జపాను సీరియలే అయినా టీవీలో ఇంగ్లీషులో మాట్లాడేది. టీచరమ్మ దాన్ని తమిళంలో అందరికీ చెప్పేది. పిన్ని నా చెవిలో తెలుగులో చెప్పేది. నాకు తమిళం రాక కాదు, వీధిలో ఆడుకునేది ఆ భాషలోనే. కానీ కథంటే మాత్రం ఇంటి మాటల్లోనే వినాలని నా మంకుపట్టు.

మొదటి ఆదివారం గురించి నాకు గుర్తున్నది చీకటి. పిన్ని తన అరచెయ్యి నా కళ్ళకి అడ్డం పెట్టింది. భూతాన్ని చూసి జడుసుకుంటాననేమో అనుకున్నాను. కానీ భూతం అప్పటికింకా రాలేదు.

ఆ మర్నాటి నుంచి యూనిఫాంకి గుచ్చుకునే నా స్కూలు బిళ్ళే నాకు రేడియో. పొద్దున కొళాయి దగ్గర నిలబడి అది నొక్కి "నాయనా, నిన్న స్కూల్లో గుడ్డు పెట్టినారు" అని చెప్పేదాన్ని. జవాబు రాదేమని అడిగితే, "అది స్కూలోళ్ళు ఇచ్చింది కదా పాపా. అందులో పొయ్యే మాటే గానీ వచ్చే మాట ఉండదు" అంది పిన్ని. నేను నమ్మాను. నాన్న ఇక రాడని నాకు ఎప్పుడు తెలిసిందో చెప్పలేను. మెల్లగా బిళ్ళ నొక్కడం మానేశాను, అంతే.

కథలోకి వస్తే, అమ్మాయిని వెంటేసుకుని ఉప్పళంలో పిన్ని ఇంటికి వెళ్ళాను. వాకిట్లో కూర్చుని నెత్తిలి చేపలు శుభ్రం చేస్తోంది.

"ఏంది పిన్నీ, ఆ జపాను కత అంతా అబద్ధమా?" అని అడిగాను.

పిన్ని చెయ్యి ఆపలేదు. "నాకు ఇంగ్లీషు యాడొచ్చు పాపా? అయినా ఆ మనిషి పడిపొయ్యేది చూస్తే తెలీదా? నువ్వు నా ఒళ్ళో కూర్చోనుంటివి. నీ కండ్లు మూసి, టీచరమ్మ మాట నీ చెవిన పడకుండా నోటికొచ్చింది చెప్తిని."

"ఒకసారి చెప్తివి, సరే. వారం వారం ఎందుకు చెప్పేది?"

"మర్నాడు కొళాయి కాడ నువ్వు బిళ్ళ పట్టుకోని మాట్లాడతా ఉంటివి. ఇంక యాడ మార్చేది? ఆ సాయంత్రమే టీచరమ్మ కాడికి పోయి ఏడిస్తిని. పిలకాయలందర్నీ నిలబెట్టి చెప్పింది ఆయమ్మ. ఈ పాప ముందర ఎవుడైనా నోరు తెరిస్తే ఆదివారం నా గడప తొక్కొద్దు అనింది. ఆయమ్మ కూడా అప్పట్నించి నా కతే చెప్పింది."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఆ పిల్లల్లో ఒకడు ఇప్పుడు మా వీధిలోనే పంక్చర్ షాపు పెట్టుకున్నాడు. నన్ను చూస్తే ఏదో ఒకటి అని ఏడిపించనిదే వదలడు. ఈ ఒక్క మాట మాత్రం ఏనాడూ అనలేదు. ఆ చాప మీద కూర్చున్న వాళ్ళందరికీ తెలుసు, నాకు తప్ప. వాళ్ళ మీద నాకు ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను.

"యాడ, చూపించు దాన్ని" అంది పిన్ని. అమ్మాయి ఫోను మా ఇద్దరి ముందూ పట్టుకుంది. గరగరలాడే సంగీతం వచ్చింది, నల్లకళ్ళద్దాలు వచ్చాయి. నాకు ఒళ్ళు పులకరించింది. పిల్లవాడి నాన్న ఓడ అంచుకి వచ్చి నిలబడ్డాడు. ఎవరో తుపాకీ ఎత్తారు.

నీచువాసన కొట్టే తడి అరచెయ్యి వచ్చి నా కళ్ళని కప్పేసింది.

"ఏం లేదులే పాపా. కాలు జారింది, అంతే. లేస్తాడు" అంది పిన్ని.

నేను ఆ చెయ్యి తియ్యలేదు. దాని కిందే ఏడ్చాను. తప్పు దిద్దకుండా ఉండలేని మా అమ్మాయి నోరు తెరుస్తుందేమోనని చెవులు రిక్కించాను. అది ఫోను సౌండు తగ్గించింది.