మార్లిస్ ఇంటి బడి

నెబ్రాస్కాలో మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఆ ఇంట్లో మార్లిస్ తన కూతురికి తానే చదువు చెబుతుంది. పిల్ల ఏ తుంటరిపని చేసినా కొట్టదు. జుట్టు బిగించి ముడేసుకుని, ఊపిరి పీల్చుకుని, పాఠం మొదలుపెడుతుంది. పాలు ఒలికితే కొలతలు, గోడ మీద గీస్తే కోణాలు. "అమ్మా, రెండు దెబ్బలేసెయ్, లెక్కలు మాత్రం వద్దు!" అని బ్రిటా బతిమాలుతుంది. ఆ బ్రిటాయే ఒక ఉదయం కోడిగుడ్లు పొదిగే కరెంటు పెట్టె ప్లగ్గు పీకేసి, అక్కడ జుట్టు వంకీలు తిప్పే కడ్డీ పెట్టి, బొమ్మ జుట్టుకు వంకీలు తిప్పింది. మధ్యాహ్నం మార్లిస్ చూసేసరికి గుడ్లు చల్లబడి ఉన్నాయి. ప్లగ్గు మళ్లీ పెట్టింది. అందరిలా బడికి పంపక పిల్లని చేతులారా చెడగొడుతున్నానేమో అనుకుంది.

"చచ్చిపోయాయా అమ్మా?" బ్రిటా టార్చి పట్టుకొచ్చింది. ఇద్దరూ చీకటిగా ఉండే బట్టల గదిలో దూరి తలుపేసుకుని, ఒక్కో గుడ్డుకి వెలుగు ఆనించి చూశారు. మొదటి దాంట్లో కదలిక లేదు. రెండో దాంట్లో ఎర్రటి నరాల మధ్య నల్లటి చుక్క గింజుకుంది. తర్వాతి దాంట్లోనూ అంతే.

"ఈత కొడుతోందే!" అని బ్రిటా అరిచింది.

మార్లిస్ బూట్ల కుప్ప మీదే కూలబడి నవ్వింది. కళ్లు తుడుచుకుంది.

"మరి నాకిప్పుడేం పాఠం?" బ్రిటా బెదురుగా అడిగింది.

"ఏం లేదు తల్లీ. ఇవాళ సెలవు."