నా నోట్లో వాడి గొంతు

నవంబరు మొదటి వారంలో ఆర్మీ పోస్టుకు చేరాను. ఉత్తరాన సరిహద్దు కొండల మీద, పద్నాలుగు వేల రెండు వందల అడుగుల ఎత్తు. కింది క్యాంపు నుంచి తొమ్మిది గంటల నడక. వీపున ఇరవై రెండు కిలోలు. చివరి మలుపులో నిలబడి రొప్పుతుంటే పైనుంచి ఎవరో తెలుగులో కేకేశారు.

"ఏమన్నా, ఆదోని ఎండ పడక ఈడికొచ్చినావా?"

వాడు మా రేడియో ఆపరేటరు. కమలాపురం పక్క పల్లె. నాకంటే ఆరేళ్లు చిన్న. కొత్తగా వచ్చేవాడిది ఆదోని వైపని సెట్లో విని, తెలుగు మాట కోసం గంట నుంచి మలుపు మీద కాచుకొని కూర్చున్నాడట.

మొత్తం ఏడుగురం. రాళ్లు, రేకులు, ఇసుక బస్తాలతో కట్టిన రెండు బంకర్లు. పెద్దదాంట్లో ఆరుగురం. ఇరవై అడుగుల అవతల చిన్నదాంట్లో రేడియో, దాని పక్కనే ఆపరేటరు పడక. రెండు గంటలు కాపలా, నాలుగు గంటలు విశ్రాంతి. గంటకోసారి కింది క్యాంపుతో మాట. జనవరిలో చలి మైనస్ ఇరవై ఆరు.

మీరంతా అడిగేది ఒకటే. "ఎంతమందిని కాల్చినావప్పా?" ఒక్కణ్ణీ కాల్చలేదు. అక్కడ మా పగవాడు మంచు. పొద్దున లేస్తే పార పట్టుకొని మంచు ఎత్తిపోయడమే మా యుద్ధం. ఈ మాట చెబితే మీ మొహాలు వాడిపోతాయి. అందుకే చాలా కాలం ఏమీ చెప్పకుండా ఊరుకున్నాను.

నాకూ ఆపరేటరుకూ తిండి మీదే తగువు. "రొట్టె తినేటోనికి సంగటి రుచి ఏం తెలుసన్నా?" అనేవాడు. "మింగేదే గానీ నమిలే పనిలేని తిండికి రుచి యాడిదప్పా?" అనేవాణ్ణి. వంటవాడికి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా మాతోపాటు నవ్వేవాడు.

జనవరి ఆఖర్లో మూడు రోజులు వదలకుండా మంచు పడింది. నాలుగో రోజు పొద్దున ఆరూ పదికి పై కొండ మీది మంచు జారింది. పెద్ద చప్పుడేమీ లేదు. బస్తాల్లోంచి జొన్నలు పోసినట్లు వినిపించింది. తలుపు తోసుకొని బయటికి వస్తే చిన్న బంకరు లేదు. అంతా తెల్లగా, చదునుగా ఉంది.

నా చేతిసెట్లో వాడి గొంతు వచ్చింది. "అన్నా, నేను బాగుండా. కాళ్లు కదలడం లేదు. బిర్రున రాండి."

పోస్టు కమాండరు నలుగుర్ని పారలిచ్చి తోలాడు. నాకు హిందీలో ఒకటే ఆర్డరు: "వాణ్ణి మాట్లాడిస్తూ ఉండు. నిద్రపోనివ్వకు."

ఆరూ ఇరవైకి "వస్తుండారప్పా" అన్నది నాకు గుర్తుంది. తర్వాత గుర్తున్నది ఏడూ ముప్పై అయిదు. కమాండరు నా చేతిలోంచి సెట్టు లాక్కుంటున్నాడు. నా వేళ్లు వదలడం లేదు. మధ్యలో గంటా పదిహేను నిమిషాలు నేను వాడితో మాట్లాడుతూనే ఉన్నానని పోస్టు డైరీలో ఉంది. అందులో ఒక్క ముక్క కూడా నా దగ్గర లేకుండా పోయింది.

మూడో రోజు వాడి శవాన్ని బయటికి తీశారు. నేను మార్చి చివర్న దిగాను. కింద ఆసుపత్రిలో "నిద్ర పడుతోందా?" అని అడిగారు. "పడుతోంది సార్" అన్నాను. లేదంటే కాగితాల మీద ఆరోగ్య కేటగిరీ తగ్గిస్తారని భయం. ఏడాదిన్నరకు సర్వీసు ముగిసింది. ఇంటికి వచ్చేశాను.

ఆదోనిలో ఒక పత్తి మిల్లులో వాచ్‌మన్‌గా కుదిరాను. ఒక మధ్యాహ్నం మూడింటికి ఇంటెత్తు పత్తి కుప్ప ఓ పక్కకు జారి ఇద్దరు కూలీల మీద పడింది. వాళ్లు నవ్వుకుంటూ, తల దులుపుకుంటూ లేచారు. నేను మాత్రం నేల మీద కూర్చుండిపోయి, చెయ్యి చెవికి ఆనించుకొని మాట్లాడానట. గొంతు నాది కాదట. "ఇది మన పక్క మాట కాదు, కడప మాట" అని కూలీలు గుర్తుపట్టారు. ఇరవై నిమిషాలకు తెలివి వచ్చేసరికి ఎవరో నా మొహాన నీళ్లు చల్లుతున్నారు.

"మీ ఆయనకు ఒంటి మీదికొచ్చినాదమ్మా" అని నా భార్యకు చెప్పారు. మా ఊళ్లలో అదేం తప్పు కాదు. పూనకం వచ్చినవాళ్లకు పసుపునీళ్లు పోసి కాళ్లకు మొక్కుతారు. నాకూ మొక్కారు. పది పదిహేను రోజులకోసారి వచ్చేది. వానలు ఎప్పుడు పడతాయని అడిగేవారు. నా నోటి నుంచి వచ్చేది ఎప్పుడూ ఒకటే: "చీకటిగా ఉండాది అన్నా. నా తలకాడ చప్పుడు లేదే. తవ్వుతాండారా?"

అది ఎవరి మాటో నా భార్యకు తెలుసు; వాడి సంగతి ఆమెకొక్కదానికే చెప్పాను. కమలాపురం వాడని నలుగురిలో చెప్పింది. కమలాపురానికి దగ్గరి ఎర్రగుంట్ల నుంచి మిల్లుకు సిమెంటు తెచ్చిన లారీ డ్రైవరు విని, ఆ కబురు అక్కడ చెప్పాడు. నెల తిరక్కుండా ఆపరేటరు తల్లి మా వాకిట్లో ఉంది.

అరవై దాటిన మనిషి. ఆ రోజు అమావాస్య, పగలు పదకొండు గంటలు. నన్ను చూసి ఏడవలేదు. ఎదురుగా కూర్చొని "చిన్నోడా" అని పిలిచింది. ఆమె గొంతులో అచ్చం వాడి యాస. అంతే, నేను పోయాను.

తర్వాత నా భార్య చెప్పింది. తవ్వుతాండారా అని వాడు అడిగితే, ఆ తల్లి నా రెండు చేతులూ పట్టుకొని "తవ్వుతాండారు నాయనా. దగ్గరికొచ్చినారు. కండ్లు మూసుకోగాకు" అన్నదట. గంటసేపు వాడు అడగడం, ఆమె చెప్పడం. వెళ్లేటప్పుడు ఆమె మొహం తేటపడిందట.

ఇక ప్రతి అమావాస్యకూ ఎర్రగుంట్లలో రైలెక్కి వచ్చేది. కొడుక్కని గిన్నెలో సంగటి తెచ్చేది. నేను తినేవాణ్ణట. ఒక్కసారి కూడా ఆ రుచి నాకు తెలియలేదు.

నా భార్య కొన్నాళ్లు ఓర్చుకుంది. ఒకరోజు నన్ను గట్టిగా నిలదీసింది. "ఆయమ్మకు కొడుకు వస్తుండాడు సరే. నా మొగుడు యాడికి పోతుండాడు? పోయినసారి రెండు గంటలైనా తిరిగి రాలేదు నువ్వు. ఒకదినం రాకనే పోతావు. ఆయమ్మను చూస్తే నా కడుపు తరుక్కుపోతాది. అయినా నాకు నువ్వు కావల్ల."

కర్నూలులో ఒక మానసిక వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్లింది. ఆమె అంతా విని నెమ్మదిగా చెప్పింది.

"ఇది దేవుడూ కాదు, దయ్యమూ కాదు. మోయలేనిది మీద పడితే మనసు దాన్ని ఒక గదిలో పెట్టి తాళం వేసుకుంటుంది. ఆ పూటకు అది ప్రాణం నిలబెట్టే పనే. ఏళ్లు గడిచినా తాళం అలాగే ఉంటే జబ్బుగా ముదురుతుంది. నిద్ర కరువవుతుంది, దిగులు పట్టుకుంటుంది, మనిషి తనలోంచి తానే జారిపోతుంటాడు. మతి చెడిందని ఎవరో అంటే నమ్మి, ఏళ్ల తరబడి వేరే జబ్బుకు మాత్రలు మింగి నా దగ్గరికి వచ్చినవాళ్లున్నారు."

"నేను బాగైతే వాడు రాడు కదా మేడమ్?"

"వచ్చేది అతను కాదు. మీ జ్ఞాపకం."

నిజమే. ఆ ముక్క ఆ తల్లికి ఎవరు చెప్పాలి? నాకు ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది. నేను బాగుపడితే ఆమెకు కొడుకు రెండోసారి పోతాడు. బాగుపడకపోతే నా ఇల్లాలికి నేను పోతాను. చివరికి ఇల్లాలి మాటే విన్నాను. కొన్నాళ్లు రావద్దమ్మా, ఆయనకు వైద్యం జరుగుతుండాది అని నా భార్య ఫోన్ చేస్తే, "అట్లనేలే తల్లీ, బాగా చూపీండి" అన్నదట.

ఎనిమిది నెలలు పట్టింది. పాదాలు నేలకు ఆనించి, ఇది కర్నూలు, ఇది కుర్చీ, ఇది నా చెయ్యి అని చెప్పుకోవడం నేర్చుకున్నాను. తాళం మెల్లమెల్లగా వదులైంది. ఒక మధ్యాహ్నం డాక్టరమ్మ గదిలో అంతా వచ్చేసింది.

ఆ రోజు ఆరూ యాభైకి పై కొండ మీది మంచు మళ్లీ చిట్లింది. కమాండరు తవ్వేవాళ్లను వెనక్కి పిలిచాడు. సరైన ఆర్డరే. లేకుంటే ఆరుగురమూ పోయేవాళ్లం. నన్ను మాత్రం మాట్లాడుతూ ఉండమని చేత్తో సైగ చేశాడు. అప్పుడు వాడు అడిగాడు. "తవ్వుతాండారా అన్నా? నా తలకాడ చప్పుడు లేదే."

"తవ్వుతుండారప్పా. మంచు మెత్తగా ఉండాది, చప్పుడు రాదు" అన్నాను. పారలు నా కాళ్ల దగ్గర పడి ఉన్నాయి. తవ్వాల్సిన నలుగురూ నన్నే చూస్తున్నారు. వాడు పదకొండుసార్లు అడిగాడు. పదకొండుసార్లూ అదే చెప్పాను. చివరికి "సరేన్నా, నువ్వు చెప్తే సరే" అన్నాడు. అప్పుడు ఏడు గంటల ఎనిమిది నిమిషాలు. ఆ తర్వాత వాడు మాట్లాడలేదు. నేను ఇంకో ఇరవై ఏడు నిమిషాలు మాట్లాడాను. అయ్యో, నన్ను నమ్మి పోయాడు వాడు.

తర్వాతి అమావాస్యకు వాడి తల్లిని మేమే పిలిపించాం. వచ్చి కూర్చొని "చిన్నోడా" అంది. నేను పాదాలు నేలకు గట్టిగా అదిమాను. ఆమె మళ్లీ పిలిచింది. మూడోసారి కూడా పిలిచింది.

"నేనేనమ్మా. నాకు బాగైంది" అన్నాను. జరిగింది జరిగినట్లు మొత్తం చెప్పాను. ఎవరూ తవ్వడం లేదని, నేను అబద్ధమాడానని. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"నాకు తెలుసు నాయనా" అంది. "తవ్వుతాంటే వాడు ఈపొద్దు బతికుండేటోడు. నేను మాత్రం ఇన్నాళ్లు వానికేం చెప్తాంటి? నువ్వు చెప్పిందే గదా." కొంగుతో నా కళ్లు తుడిచింది. తన కళ్లు తుడుచుకోలేదు. "నువ్వు బాగైనావు, అంతే చాలు. వాడు ఇంకా ఆడ అడుగుతానే ఉంటే, ఎవరు చెప్తారప్పా వానికి?"

వాడి యాస నాకు బాగా తెలుసు. ఒక్కసారి, ఆమె కోసం, కావాలనే "అమ్మా" అన్నాను వాడిలాగా.

ఆమె చప్పున అరచేత్తో నా నోరు మూసింది. "వద్దు నాయనా. అది నీ గొంతు."

ఇప్పటికీ ఆమె వస్తుంది. నన్ను చూసి పోదామని వచ్చానంటుంది. భోజనం చేస్తుంది, నా భార్యతో పంటల గురించి మాట్లాడుతుంది. నేను నోరు విప్పితే చాలు, మాట ఆపేస్తుంది. ఆ కళ్లు నా కళ్లలోకి చూడవు. రైలు వేళయ్యేదాకా నా పెదవుల మీదే ఉంటాయి.