లీకేజీ మావాడి డిపార్ట్‌మెంట్

ఇంజినీరింగ్ ఆఖరి ఏడాది చదివే కుర్రాడికి తనకన్నా తెలివైనవాడు భూమ్మీద ఉన్నాడని చెప్పి ఒప్పించడం బ్రహ్మతరం కూడా కాదు. రెండువేల సంవత్సరం దాటిన ఆ తొలి రోజుల్లో ఖమ్మంలో అలాంటివాళ్లు వీధికొకడు ఉండేవాడు. నేను అద్దెకున్న వీధికి నేను. మా బ్యాచ్‌లో అందరూ హైదరాబాద్ వెళ్లి ప్రాజెక్టులు కొనుక్కొచ్చుకున్నారు (డబ్బాలో ఏముందో కొన్నవాళ్లకే తెలియదు, అది వేరే సంగతి). నేను మాత్రం సొంతంగా చేస్తానని క్లాసులో లేచి నిలబడి మరీ ప్రకటించాను. టీవీ తెరలో ఒక్కో చుక్క వెనక ఉండే సర్క్యూట్‌ను పెద్దది చేసి, అరవై నాలుగు చిన్న ఎర్ర బల్బులతో ఒక పలక కట్టి, దానిమీద అక్షరాలు చకచకా మార్చి చూపిస్తానన్నాను. చప్పట్లు కొట్టింది నేనొక్కడినే అనుకుంటాను.

నాకు జోడీగా పడ్డవాడిది కారేపల్లి దగ్గర తండా. ప్రతి అతుకునూ మూడుసార్లు తడిమి చూసుకునేవాడు కాబట్టి అందరూ ‘నిమ్మళం’ అని పిలిచేవారు. (నన్నేమనేవారో అడక్కండి.) మా పలకలో ప్రతి బల్బుకూ ఒక స్విచ్చు, ఒక కెపాసిటరు. స్విచ్చు తెరిస్తే కెపాసిటరు నిండుతుంది, అది నిండి ఉన్నంతసేపూ బల్బు వెలుగుతుంది. నేను అన్నిటికన్నా వేగంగా పనిచేసే స్విచ్చులు కొనుక్కొచ్చాను. నిమ్మళం వాటిని చేతిలోకి తీసుకొని పెదవి విరిచాడు.

“మడవ పెద్దగ తీస్తే మడి జల్దీ నిండుతది రా. కట్టినంక గా సందులకెల్లే నీళ్లన్ని కారిపోతయ్. గివి గూడ గంతే. జర నెమ్మది రకం పెడదాం, కరెంటు కారకుంట నిలవడ్తది.”

“నువ్వింకా పొలంలనే ఉన్నవ్ రా! ఆగి ఆగి మారే బోర్డు ఎవనికి గావాలె?” అన్నాను. మా నాన్న బొగ్గుబాయిలో పనిచేసేవాడు, ఆయన కష్టంతో చదువుకుంటూ ఇంకొకడి పొలాన్ని ఎగతాళి చేశానంటే నా పొగరు ఎంత పెరిగిందో చూడండి. చివరికి వాడు మరీ పోరు పెడుతుంటే, కింది వరస ఒక్కటి వాడిష్టానికి వదిలేశాను. ఎనిమిది బల్బులు. దానం చేసినంత దర్జాగా ఇచ్చాను.

కంప్యూటర్ ల్యాబ్‌లో ఏసీ కింద పెట్టి చూస్తే అక్షరం నిమిషం పాటు కదలకుండా నిలిచింది. ఆ ఆదివారం ఇంటికెళ్లి ఈ ఘనత చెబితే నాన్న అన్నం కలుపుతూ, “నా టోపీ లైటు షిఫ్టంత ఆరది. నిమిషం ఆరకుండ పెట్టుటానికి నాలుగేండ్లు సదివినవా?” అన్నాడు. అమ్మ నవ్వాపుకోలేక వంటింట్లోకి పోయింది.

నాకంటే నిమ్మళానికే ఆ ప్రాజెక్టు పరీక్ష ప్రాణం మీదిది. ఒక ఫ్యాక్టరీలో ట్రెయినీ ఉద్యోగం వాడి కోసం కాచుకుని ఉంది, జూన్‌లో పాసైన కాగితం చూపిస్తేనే. ప్రాజెక్టు పోతే ఆర్నెల్లు ఆగాలి, ఉద్యోగం ఆగదు. వాళ్ల నాన్న అప్పటికే తండా అంతా చెప్పేశాడు. ఇదంతా నాకు తెలుసు.

ఏప్రిల్ ఆఖరులో, మార్కులు వేయడానికి బయటి కాలేజీ నుంచి ఎక్స్‌టర్నల్ వచ్చే రోజు రానే వచ్చింది. ఆ రోజు ఏసీ ల్యాబ్ వేరేవాళ్లకిచ్చి, మమ్మల్ని రేకుల షెడ్డులోకి తోలారు. ఖమ్మం ఎండ సంగతి వేరే చెప్పాలా? పొద్దున పెట్టి చూస్తే అక్షరం ఐదు లెక్కపెట్టేలోపు ఆరిపోయింది. వేడికి స్విచ్చుల్లో లీకేజీ, అంటే కరెంటు కారడం, పెరుగుతుందని పుస్తకంలో ఉంది. పరీక్షలో రాదని ఆ పేజీ వదిలేసిన మహానుభావుణ్ణి నేనే. పరుగున పోయి హెచ్చోడీ గదిలోని గడ్డి కూలరు ఈడ్చుకొచ్చి, రెండు బకెట్ల నీళ్లు పోసి, పలక మొహాన పెట్టాను.

“అరే, అది నీళ్ల గాలి రా! పలక నెమ్మెక్కితే కరెంటు పక్కదారి వడ్తది,” అన్నాడు నిమ్మళం.

“సల్లగుంటే సాలు. నువ్వు నోర్ముయ్,” అన్నాను.

ఎక్స్‌టర్నల్ విజయవాడ వైపు ఆయన. కాలేజీవాళ్లు పెట్టిన బిర్యానీ తిని, కప్పిన శాలువాతోనే వచ్చాడు. ముందు ఐదు నిమిషాలు కూలరు ముందు నిలబడి దాన్నే మెచ్చుకున్నాడు. తరువాత నేను మీట నొక్కాను. వెలగాల్సినవి కొన్ని ఆరాయి, ఆరాల్సినవి కొన్ని వెలిగాయి.

“ఇదేం అక్షరమయ్యా?”

“డబ్ల్యూ సార్.”

“నాకు ఆటలమ్మలా కనపడుతోందే! ఎందుకిలా అవుతోంది?”

అప్పుడన్నాను ఆ మాట. తడుముకోకుండా, తల తిప్పకుండా అన్నాను. “స్విచ్చింగ్ నాది సార్. లీకేజీ మావాడి డిపార్ట్‌మెంట్.”

నిమ్మళం నావైపు ఒక్కసారి చూశాడు. వెళ్లి కూలరు ఆపేశాడు. దూదితో స్పిరిట్ అద్ది పలకంతా తుడిచి, కిటికీలో వడగాలికి పెట్టాడు. పది నిమిషాలు ఎక్స్‌టర్నల్ చెమటలు కక్కుతూ సన్మానపు శాలువాతోనే మొహం తుడుచుకున్నాడు. పలక ఆరాక నిమ్మళం అరవై నాలుగు బల్బులూ ఒక్కసారి వెలిగించి చేతులు కట్టుకున్నాడు. నా ఏడు వరసలు గబగబా ఆరిపోయాయి. కింది వరస వెలుగుతూనే ఉంది. ఆయన గడియారం చూశాడు, మళ్లీ చూశాడు.

“ఈ వరస ఎవరిది?”

నిమ్మళమే చెప్పాడు. “ఇద్దరం కలిసే చేసినం సార్. ఈ వరస నిలవడ్తది గని, నిండుటానికి టైమ్ పడ్తది. అక్షరం మారినప్పుడు పాతది జర నీడ లెక్క కనవడ్తది. వేగం గావాలె, కారొద్దు. రెండు ఒక్కకాడ గలుపుడు మాతోని కాలె సార్.”

ఆయన మమ్మల్నిద్దర్నీ ఎగాదిగా చూసి పెన్ను తీశాడు. “మీ ఇద్దర్నీ కలిపితే ఒక ఇంజినీరు అవుతాడయ్యా. ఆ ఒక్కడి కోసం పాస్ చేస్తున్నా.”

వాడు ఉద్యోగంలో చేరాడు. నేను కూడా ఏదో పొట్ట పోసుకున్నాను. క్షమించరా అనే ఒక్క ముక్కకు మాత్రం నాకు నోరు తిరగలేదు. ఎన్నో ఏళ్లు గడిచాక, మొన్నామధ్య ఎవరి పెళ్లి కబురుకో ఫోన్ చేసినప్పుడు, ధైర్యం కూడగట్టుకొని ఆ రోజు అన్న మాట తప్పని చెప్పాను.

“ఏందిరా, గది ఇంక మనసుల వెట్టుకున్నవా?” అని పకపకా నవ్వాడు. “నేనెప్పుడో మర్సిపోయిన.”

గుండెల మీది బరువు దిగిపోయింది. హమ్మయ్య అనుకునేలోపు వాడే మళ్లీ అందుకున్నాడు.

“నీకు ప్రాజెక్టుల నూట ఇరవై నాలుగొచ్చినయ్. నాకు నూట ముప్పై ఒకటి. ఏడు ఎక్కువ.”

నా మార్కులు నాకే గుర్తులేవు. “అవ్ రా, ఏడు ఎక్కువే,” అన్నాను. వాడికి ఎంత సంతోషమో, ఇంకోసారి చెప్పించుకున్నాడు.