కత్తులు కింద, ఒరలు పైన

మొన్న శనివారం మా అమ్మాయి కీటాకు, అంటే పసిపిల్లల బడికి, తీసుకెళ్ళే సంచీ పట్టీ తెగితే, కార్ల్స్‌రూహెలో ట్రామ్ దిగి చెప్పులూ సంచులూ బాగుచేసే ఒక చిన్న కొట్టుకు వెళ్ళాను. తలుపు తీయగానే కొత్త తోలు, తేనెమైనం కలిసిన వాసన ముఖాన కొట్టింది. కరోనా సద్దుమణిగాక పుట్టిన పిల్ల అది. ముక్కు మూసుకుని "ఇగిట్, మామా" అంది, ఛీ కంపు అమ్మా అని. నేను సంచీ సంగతి మరిచిపోయి ఇంకాస్త పీల్చాను. ఏడాదికి పైగా నేను ఆ వాసనలో కూర్చునే ఉద్యోగం చేశాను. అది ఇంటి కప్పు కింద ఒక గది. గోడల నిండా కత్తుల ఒరలు వేలాడుతుండేవి. కత్తులుండవు, ఒరలే. ఆ గది మా కింది అంతస్తు ఫ్రావ్ బ్రెండ్లేది, అంటే శ్రీమతి బ్రెండ్లేగారిది. ఆవిడ ఇప్పుడు లేరు. నా కోపానికి కాస్త పద్ధతంటూ ఉందంటే అది ఆవిడ పెట్టిన భిక్షే.

నేనూ మా ఆయన శ్రీకాంత్ జర్మనీలో, డార్మ్‌స్టాట్‌లో చదువుకునేటప్పుడు కలిశాం. నాది కాకినాడ, అతనిది కరీంనగర్. జిండెల్ఫింగెన్‌లో కార్ల సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఇద్దరికీ ఉద్యోగాలు దొరికి, సరిగ్గా మొదటి లాక్‌డౌన్ ముందర ఒక పాత ఇంటి పై అంతస్తులో దిగాం. దిగిన కొన్నాళ్ళకు మా తలుపు పిడికి ఎవరో చిన్న చెక్కపలక తగిలించి వెళ్ళారు. అప్పటికే కరీంనగర్‌లో మా అత్తగారి వీధిలో జబ్బు సోకిన ఇళ్ళకు క్వారంటైన్ కాగితాలు అంటిస్తున్నారని రోజూ ఫోన్లో వింటున్నాం. పలక చూడగానే శ్రీకాంత్ ముఖం పాలిపోయింది.

"మనకు గూడ పెట్టిండ్రు సుధా. సూపర్‌మార్కెట్ల దగ్గినవా నువ్వు?"

"నేనెందుకు దగ్గుతాను? ఆగు, చదవనీ. ఏదో వారం అని ఉంది. వారం రోజులు బయటికి రావద్దనేమో."

నిక్షేపంలాంటి మనుషులం వారం పాటు గడప దాటలేదు. పప్పు, ఆవకాయ, మళ్ళీ పప్పు. శ్రీకాంత్ గంటకోసారి జ్వరం చూసుకునేవాడు. వారం తిరిగాక తలుపు ఎవరో గట్టిగా కొట్టారు. తీస్తే, నాలుగు మెట్లు కింద మాస్కు వేసుకున్న ఒక పెద్దావిడ నిలబడి ఉంది. ఒక చేతిలో నూనెగుడ్డ, ఇంకో చేతిలో మూరకు కాస్త తక్కువ పొడుగున్న కత్తి.

"మెట్లు," అంది.

శ్రీకాంత్ మెల్లగా నా వెనక్కి జరిగాడు.

"ఈ వారం మెట్లు ఊడ్చే వంతు మీది. పలక పెట్టాను. ఒక్క మెట్టు కూడా ఊడ్వలేదు."

ఆ ప్రాంతంలో మెట్లు ఊడ్చే వంతంటే మన ఇళ్ళలో మడి ఆచారం లాంటిదని నాకు తర్వాత తెలిసింది. తప్పించుకునే దారి లేక మేము ఏమనుకున్నామో ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ మాస్కు జారేదాకా నవ్వింది. అప్పుడు చేతిలోని కత్తి చూసుకుని, "క్షమించండి, తుడుస్తూ అలాగే వచ్చేశాను," అంది. మా స్నేహం అలా మొదలైంది.

ఫ్రావ్ బ్రెండ్లే రిటైరైన పళ్ళ డాక్టరు. చేత్తో చేసిన బౌయీ కత్తులు సేకరించడం ఆవిడ పిచ్చి. బౌయీ అంటే అమెరికా వాళ్ళ పాత రకం వేటకత్తి. అలుగు వెడల్పుగా వచ్చి, మొన దగ్గర వీపువైపు వంపుగా కోసేసినట్టుంటుంది. పిడికీ అలుగుకీ మధ్య వేళ్ళు తెగకుండా ఇత్తడి అడ్డు ఉంటుంది. ఇదేం సరదా అని అడిగితే ఆవిడ జవాబు ఎప్పుడూ ఒకటే. "ఉద్యోగమంతా చిన్న పనిముట్లతో జనాన్ని భయపెట్టాను. ఇప్పుడు పెద్దవి పెట్టుకుని ఎవరినీ భయపెట్టకుండా బతుకుతున్నాను."

ఒకరోజు మెట్ల మలుపులో నిలబడి ఒక కత్తిని శ్రీకాంత్ చేతికి అందించబోయింది. అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"చేతికియ్యొద్దని చెప్పు సుధా. కింద పెట్టమను, నేను తీస్కుంట. లేకుంటే ఆమెకు మనకు కొట్లాటలైతయ్."

నేను జర్మన్‌లో చెప్పాను. ఆవిడ కత్తిని మెట్టు మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసింది. "ఈ పద్ధతి మీ దేశంలో కరోనాకు ముందు నుంచే ఉందా?"

"చాలా ముందు నుంచి."

"తెలివైన దేశం," అంది ఎంతో గౌరవంగా. మళ్ళీ ఎన్నడూ మా చేతికి ఏదీ ఇవ్వలేదు. ఉత్తరాలు, కేకు ముక్కలు, తాళంచెవులు అన్నీ మెట్టు మీదే పెట్టేది.

కత్తి చూసి మురిసిపోతే ఆవిడకు నచ్చేది కాదు. "ముందు ఒర చూడండి ఫ్రావ్ వేమవరపు," అనేది. నా ఇంటిపేరును పళ్ళు లెక్కపెట్టినట్టు ఒక్కో అక్షరం తడిమి పలికేది. "కత్తి చేసేటప్పుడు మనిషి తన గొప్ప చూపించుకుంటాడు. ఒర కుట్టేటప్పుడే దాన్ని నడుముకు కట్టుకునే ఎదుటివాడికి తొడ ఒకటుందని గుర్తొస్తుంది." మంచి ఒరను తలకిందులు చేసి ఊపినా కత్తి జారదు, లాగితే మాత్రం చప్పుడు లేకుండా వచ్చేస్తుంది. ఏ ఒర ఏ కత్తిదో ఎక్కడా రాసుకునేది కాదు. పేషెంట్ల నోళ్ళు గుర్తున్నట్టే ఇవీ గుర్తుంటాయనేది.

ఇంటి నుంచి పని మొదలయ్యాక మా ఇంట్లో అసలు యుద్ధం మొదలైంది. ఒకే హాలు, ఒకే బల్ల. శ్రీకాంత్ మీటింగులో మాట్లాడితే పక్క వీధికి వినిపిస్తుంది, అతనికి ఫోను ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు. నాదేమో నోట్లో మాట నోట్లోనే ఉంచుకుని, ఒకేసారి బద్దలయ్యే రకం. ఒకరోజు నా డెమో మధ్యలో అతను మిక్సీ వేశాడు. నేను గరిటె నేలకేసి కొట్టాను. కాసేపటికి ఫ్రావ్ బ్రెండ్లే మెట్ల మీద ప్రత్యక్షమైంది. సిగ్గుతో ఏం చెప్పాలో తోచక, ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని మా భాషలో సామెత ఉందని చెప్పాను.

ఆవిడ దాన్ని సామెతలా తీసుకోలేదు, సాంకేతిక విషయంగా తీసుకుంది. "రెండు దాకా ఎందుకు? ఇంట్లో ఉన్నప్పుడు ఒక్క కత్తి కూడా ఒరలో ఉండకూడదు. తోలు తేమ పట్టి ఉంచుతుంది, తోలును శుద్ధిచేసిన మందులు ఇనుమును తినేస్తాయి. ఒర ఉన్నది బయటికి తీసుకెళ్ళేటప్పుడు వాడడానికే. అందుకే నా కత్తులు కింద, ఒరలు పైన." అని లోపలికి వెళ్ళి, కప్పు కింది గది తాళంచెవి తెచ్చి మెట్టు మీద పెట్టింది. "పగలు మీరు అక్కడ పనిచేసుకోండి. కిటికీ తరచూ తెరవాలి. తాలింపు వాసన రాకూడదు. సాయంత్రం వెళ్ళేముందు ఒక ఒరకు మైనం రుద్దాలి."

అలా నేను పైన, శ్రీకాంత్ కింద. మా కాపురం తుప్పు పట్టలేదు. వీడియో మీటింగుల్లో నా వెనక గోడంతా ఖాళీ ఒరలు కనిపించేవి. కత్తులెక్కడని మా మేనేజరు ఒకసారి అడిగాడు. వేరే చోట ఉన్నాయని చెప్పాను. ఆ తర్వాత చాలాకాలం నా కోడ్‌లో ఎవరూ తప్పు పట్టలేదు.

వేసవిలో ఆవిడ ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తున్న కత్తి వచ్చింది. నల్ల అడవి కొండల్లో ఒక ముసలి కమ్మరి చేసింది, జింక కొమ్ము పిడి. చేతులు వణుకుతున్నాయని, ఇదే ఆఖరిదని అతను కబురు చేశాడు. ఒర కుట్టే అతని భార్యకు కంటి ఆపరేషన్ వాయిదాల మీద వాయిదాలు పడుతోంది కాబట్టి కత్తి ఒంటిగా వచ్చింది. ఆవిడ దాన్ని పసిబిడ్డను చూసినట్టు చూసుకునేది. ఇంతలో ఆవిడ తుంటి ఆపరేషన్‌కు ఆసుపత్రి వాళ్ళ టెర్మిన్, అంటే తేదీ, దొరికింది. ఆసుపత్రి, ఆ తర్వాత మళ్ళీ నడక నేర్పే రేహా కేంద్రంలో కొన్ని వారాలు. వెళ్ళే రోజు తన ఇంటి తాళంచెవి మెట్టు మీద పెట్టింది. "కత్తుల అలమర ఎన్నో ఏళ్ళుగా నేను తప్ప ఎవరూ తెరవలేదు. మీకు ఇస్తున్నాను. పొడిగుడ్డ, రెండు చుక్కల నూనె. ఇంకేమీ వద్దు."

ఆ మాట విన్నప్పుడు నాకు ఉద్యోగం వచ్చిన రోజుకంటే గర్వంగా అనిపించింది.

దసరా వచ్చింది. జమ్మి ఆకు లేదు, అలయ్‌బలయ్‌కు మనుషుల్లేరు. శ్రీకాంత్ దిగులుగా తిరుగుతున్నాడు. నాకు రిలీజు ఒత్తిడి ఉండి, ఈ వారం కత్తులు నువ్వు తుడిచి రమ్మని తాళంచెవి ఇచ్చాను. చాలాసేపటికి అగరొత్తుల వాసనతో, వెలిగిపోతున్న ముఖంతో తిరిగొచ్చాడు.

"మంచిగైంది సుధా. గన్ని ఆయుధాలున్న ఇల్లు, పండుగపూట బొట్టు లేకుంట ఉంటదా? అన్నిట్ల మీద అక్షింతలేసిన. కొత్తదాన్ని నడుమ వెట్టి పసుపు రాసి, బొట్లు వెట్టిన. నిమ్మకాయలు గూడ దానితోనే కోసిన. వెన్న తీరు తెగినయ్."

"నిమ్మకాయా? అది మామూలు ఇనుము శ్రీకాంత్. తుడిచావా?"

"ఎట్ల తుడుస్త? పూజల వెట్టిన ఆయుధాన్ని పొద్దుగాల దాక ముట్టద్దు. అరిష్టం."

నేను తాళంచెవి లాక్కుని తలుపు దాకా వెళ్ళి ఆగిపోయాను. ఆగకుండా ఉండాల్సింది. కానీ ఊళ్ళో మనవాళ్ళు జబ్బుతో ఉన్న రోజులు, ఎదురెళ్ళి అరిష్టాన్ని ఎవరు తెచ్చుకుంటారు? రాత్రంతా పసుపూ నిమ్మరసమూ తమ పని తాము చేసుకున్నాయి. పొద్దున చూస్తే అలుగు మీద శ్రీకాంత్ మూడు వేళ్ళూ విభూతి రేఖల్లా నల్లగా దిగిపోయి ఉన్నాయి. కొమ్ము పిడి పగుళ్ళలో పసుపు. గిన్నెలు తోమే పీచుతో రుద్దుతానన్నాడు. ఆ పీచు తీసుకెళ్ళి చెత్తలో పారేశాను. ఆవిడ మా కోసం తెరిచిన అలమర మా మొహాన మూసుకుపోతుందని నాకు ఏడుపొచ్చింది.

ఫోను శ్రీకాంతే చేశాడు, అంతవరకు మెచ్చుకోవాలి. వచ్చీరాని జర్మన్‌లో మీ కత్తికి ప్రార్థన చేశానన్నాడు. 

"దేనితో?"

"పసుపు. నిమ్మకాయ."

ఆవిడ ఫోను పెట్టేసింది. మళ్ళీ చేయలేదు, మేం చేస్తే ఎత్తలేదు. నేను పై గదికి వెళ్ళడం మానేసి వంటింట్లో కూర్చుని పనిచేశాను.

ఊతకర్రలతో తిరిగొచ్చిన రోజే మమ్మల్ని పిలిచింది. కిటికీలన్నీ తెరిచి, కోటు వేసుకుని కూర్చుంది. కత్తి బల్ల మీద ఉంది. పళ్ళు చూసే అద్దం తెచ్చి మొన నుంచి పిడి దాకా పరీక్ష చేసింది. "నిమ్మరసం పళ్ళను పాడుచేస్తుందని జీవితమంతా జనానికి చెప్పాను," అంది చివరికి. శ్రీకాంత్ తల వంచుకుని సారీ చెప్పాడు. నేనూ చెప్పాను. ఆవిడ అద్దాన్ని తుడిచి పెట్టెలో పెట్టుకుంది.

"సారీ చెప్పిన గద. పర్లేదు అనొచ్చు గద," అని గొణిగాడు. ఏమంటున్నాడని ఆవిడ నన్నడిగింది. చెప్పాను.

"పర్లేదు అని నేను అనను. నాకు చాలా కోపంగా ఉంది. రేపు సాయంత్రం ఆరింటికి రమ్మనండి."

ఆ సాయంత్రం నుంచి క్రిస్మస్ దాకా శ్రీకాంత్ ఆ చలిగాలిలో, మాస్కుతో, స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని మెరుగుపెట్టే సన్నటి ముద్దతో ఆ అలుగు రుద్దాడు. ఒకే దిక్కుకు రుద్దాలి. ఎదురు రుద్దితే ఊతకర్ర నేలకు తగిలేది. మొదట్లో ఆవిడ పలకరించేది కాదు. తర్వాత తిట్టేది. ఆ తర్వాత అల్లం టీ అడిగేది. అతను ఇంటికొచ్చి "చేతులు వడిపోయినయ్" అంటూనే మర్నాడు గంట ముందే తయారయ్యేవాడు. రెండు రేఖలు పోయాయి. మూడోది పోతూ పోతూ లీలగా మిగిలింది. ఒక సాయంత్రం ఆవిడ ముద్ద డబ్బా మూత పెట్టేసి, "ఇప్పుడు నా కోపం అయిపోయింది," అంది, బిల్లు చెల్లిందన్నట్టు. పై గదిలో ఒరలు ఎండిపోతున్నాయని కూడా నన్ను దెబ్బలాడింది.

ఆవిడ పోయేనాటికి మేము కార్ల్స్‌రూహెకు మారిపోయాం. నిద్రలోనే పోయిందని ఆవిడ కొడుకు ఫోను చేశాడు. పన్నుల సలహాదారు, ఎప్పుడూ చూడలేదు నేను. కత్తులు అమ్మాలి, ఒరలు వేరే గదిలో ఉన్నాయి, ఏది దేనిదో ఎవరికీ తెలియదు, మీకేమైనా తెలుస్తుందా అని అడిగాడు. ఆదివారం నేనూ శ్రీకాంత్ వెళ్ళాం. ఆయన వంటింటి చేతితొడుగులు వేసుకుని ఒక్కో కత్తినీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒరలు నేను తెచ్చాను. ప్రతి ఒరకూ మైనం రుద్దిన చేతులు కదా, చూడక్కర్లేకపోయింది. ఒక్కోటీ చప్పుడు లేకుండా లోపలికి వెళ్ళిపోతుంటే నాకు కన్నీళ్ళు ఆగలేదు. చివరికి జింక కొమ్ము కత్తి మిగిలింది. దాని ఒర రానే లేదు. ఒర లేకపోతే ఎవరూ కొనరు, మీరే ఉంచుకోండి అన్నాడాయన. శ్రీకాంత్ దాని మీది మరకను బొటనవేలితో తడుముతుంటే చూసి, అదేమిటని అడిగాడు. జరిగిందంతా చెప్పాను.

"అమ్మ ఎన్నాళ్ళు కోపంగా ఉంది?"

"క్రిస్మస్ దాకా. రోజూ పిలిచి తిట్టేది."

ఆయన చేతితొడుగులు తీసి బల్ల మీద పెట్టాడు. "చిన్నప్పుడు నేను అమ్మ కత్తితో రంగు డబ్బా మూత తెరిచాను. మొన విరిగింది. పర్లేదు అంది. తర్వాత ఈ అలమరకు తాళం వేసింది. చివరిదాకా నాతో ఏ విషయంలోనైనా పర్లేదు అనే అంది."

వచ్చేటప్పుడు రైల్లో శ్రీకాంత్ ఆ కత్తిని గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. అప్పటినుంచి నేను వదులుకోదలచుకోని మనుషులతో పర్లేదు అనడం మానేశాను.