చచ్చినవాళ్ల పేర్లతో వేసిన దావా

వకీలు సాబు పోయాడని భూపాలపల్లి నుంచి కబురొచ్చింది. గనిలో కొలువు చేసే మనుమడి దగ్గరే ఉంటున్నాడట. నాకు మాటలు తక్కువ. కానీ ఆయన విషయంలో మా తప్పొకటి ఉంది. అది చెప్పాలి.

సాయుధ పోరాటం నాటి మాట. బచ్చన్నపేట పక్కన మా ఊళ్లో చెరువు కింది మళ్లన్నీ తనవేనని దొర అంటున్నాడు. వకీలు సాబు జనగామ కోర్టులో ఒక్కొక్కరి తరఫున కేసు వేసేవాడు. మా నాయిన కేసు గెలిపించాడు. ఆ నెలలోనే దొర పక్క మడి మీద పడ్డాడు.

ఒకనాడు సాబే ఊరికొచ్చాడు. “ఒక్కన్ని విడిపిస్తే ఇంకొకన్ని పడుతుండు. అందరం కలిసి ఒక్కటే దావా ఏద్దాం. పేర్లు చెప్పి ఏలిముద్రలు ఎయ్యున్రి” అన్నాడు.

కాగితం ఉర్దూలో ఉంది. అలవాటు ప్రకారం ప్రతి ముక్కా తెలుగులో చదివి వినిపించాడు. రాసింది అదేనని మాకేం తెలుసు? అప్పట్లో పేర్ల పట్టీ పోలీసుల చేతికి పోతే ఇళ్లు తగలబడేవి.

“నిన్న దొర గడీల చాయ్ తాగినవట గద బిడ్డా?” అంది మా పెద్దవ్వ.

“తాగిన అవ్వా. రాజీకి పిలిచిండు. చాయ్ మంచిగనే ఉండె, మాటనే మంచిగ లేకుండె.”

నవ్వాం గానీ నమ్మలేదు. పక్కకు పోయి గుసగుసలాడుకున్నాం. చచ్చినోన్ని పోలీసులేం చేస్తరు? అందరం చచ్చినవాళ్ల పేర్లు చెప్పి మా వేళ్లు అద్దాం. నేను మా తాత పేరు చెప్పాను.

కోర్టులో బంట్రోతు పేర్లు పిలిచాడు. ఒక్కరూ లేవలేదు. ఫిర్యాదీలే లేకపోతే దావా కొట్టేస్తానన్నాడు మున్సిఫు. కొట్టేస్తే మళ్లు పోయినట్టే. గుమ్మంలో దొర మనిషి నిలబడి మా ముఖాలు చూస్తున్నాడు. మమ్మల్ని వాడికి చూపించడానికే సాబు తెచ్చాడా అని అప్పుడూ నాకు అనుమానమే.

మా తాత పేరు మూడోసారి పిలిచారు. నేను లేచాను.

“మా తాత సచ్చిపోయిండు. ఏలు నాది” అని నా పేరు చెప్పాను.

సాబు కోప్పడలేదు. “ముద్రేసిన ప్రతిసారి మోసపోయిన ఊరు హుజూర్, భయపడ్డరు. పేర్లు దిద్దనియ్యున్రి” అని అడిగాడు. మున్సిఫు సరేనన్నాడు. ఆ మళ్లు ఇవాళ్టికీ మేమే దున్నుతున్నాం.

సాబు మా తాత పేరు కొట్టేసి, పక్కన నా పేరు రాశాడు. కలం పైకెత్తి వెనక్కి తిరిగి చూశాడు.

“ఇంకెవరు బతికున్నరు?”

నా వెనక ఒక్కొక్కరే లేస్తున్నారు.